తాడు లాగేశాక

ఈ ఇరుకులోయ పేరు చెప్పను.
చెబితే వచ్చే ఏడు అక్కడి ఇసుకలో మీ అడుగులుంటాయి.
ఎస్కలాంటే ఊరు దాటాక గులకరోడ్డు మీద
పళ్ళు కటకటలాడేలా రెండు గంటలు,
ఆపైన ఒక పశువుల కంచె, తలుపు తీసి మళ్ళీ వేయాలి.
అంతవరకే.

నలుగురం.
లవాన్ బడిబస్సు నడుపుతుంది.
ఆమె వేసిన ముడి ఆమె మాట తప్ప వినదు.
థేన్‌కి టైర్ల కొట్టు.
మెరిల్‌కి కాస్త గడ్డిపొలం, కుడిమోకాలిలో ఒక మేకు.
నేను లెక్కలు చూసేదాన్ని:
ఎన్ని లీటర్లు, ఎన్ని రొట్టెలు,
మన మలం మనమే మోసుకురావాల్సిన సంచులు ఎన్ని.

థేన్‌కీ మెరిల్‌కీ పదకొండు నెలలుగా మాటల్లేవు.
మెరిల్ అమ్మిన ట్రక్కు
వారం తిరక్కుండా మూడో గేరు మింగేసింది.
ఒకరొస్తున్నట్టు ఒకరికి చెప్పకుండా
ఇద్దర్నీ పిలిచింది లవాన్.

నల్లగా పొరకట్టిన నేల మీద కాలు పెట్టకూడదు,
అది బతికున్న మట్టి.
రాయి నుంచి రాయికి గెంతుతూ
తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లల్లా వెళ్ళాం, యాభై దాటినవాళ్ళం.
పొద్దు వాలేసరికి అంచు.
కింద చీకటి. చీకట్లోంచి చల్లగాలి,
కుండ మీద మూత తీసినట్టు.

జునిపర్ మొదలుకి పట్టీ చుట్టి ఒక్కొక్కరం దిగాం.
అప్పుడు లవాన్ తాడు కొస పట్టి లాగింది.
రెండో కొస పైకి, ఇంకా పైకి పోయి
ఉంగరంలోంచి జారి
మా నలుగురి మధ్య దబ్బున పడింది.

ఇక వెనక్కి దారి లేదు.
తలెత్తి చూశాను:
ఇందాక మేం నిలబడ్డ చోటు
అప్పుడే ఎవరిదో అయిపోయింది.

మర్నాడంతా పీతనడక.
గోడ నా చొక్కా తిని, భుజం రుచి చూసింది.
ఒక గుంటలో చచ్చిన ఎలుక తేలుతోంది.
ఆ నీళ్ళే రుమాల్లో వడకట్టి, మరిగించి, కాఫీ.
"ఇది పాలు కలిపింది కాదుగా?" అని లవాన్.
నవ్వింది ముగ్గురమే.
మెరిల్ ఒకవైపు, థేన్ ఒకవైపు తిరిగి నవ్వారు,
అందుకే ఇద్దరూ లెక్కలోకి రాకూడదు నిజానికి.

రాత్రి, ఆకాశం వేలెడు వెడల్పు.
మా తలల పైన, ముప్పై అడుగుల ఎత్తున,
రెండు గోడల మధ్య ఇరుక్కుని ఒక దూలం.
అంటే ఒకప్పుడు
వరద అక్కడిదాకా వచ్చిందన్నమాట.
టార్చి వేసి అందరం దాన్ని చూశాం.
ఎవరం దాని మాట ఎత్తలేదు.
తెల్లారేదాకా వానవాసన కోసం
ముక్కు మేలుకునే ఉంది.

మూడోరోజు ఆ గుంట.
నీళ్ళు రొమ్ముదాకా, అంచు చేతికందదు,
గోడలు సబ్బు రాసినట్టు.
ఇసుక నింపిన సంచీ తాడుకి కట్టి అవతలికి విసిరాం.
జారి వచ్చింది. మళ్ళీ. మళ్ళీ.
లవాన్ పెదవులు నీలమయ్యాయి.

మెరిల్ ఏమీ అనలేదు.
వెళ్ళి గోడకి ఆనుకుని
మోచేతులు వంచి నిలబడ్డాడు.
థేన్ ఒక్క క్షణం ఆ భుజాల్ని చూశాడు,
బేరమాడే ముందు వస్తువుని చూసినట్టు.
ఎక్కాడు.

"ఎడంకాలు కాస్త లోపలికి."
"ఇలాగా?"
"ఆఁ."

పదకొండు నెలల తర్వాత ఇదీ సంభాషణ.

పైకి చేరి తాడు వదిలాడు.
మేమిద్దరం ఎక్కాం. చివర మెరిల్,
మేకు మోకాలు మడత పడదు, బరువంతా తాడు మీదే.
లాగుతూ థేన్ తిట్లందుకున్నాడు:
ట్రక్కుని, గేరుపెట్టెని, అమ్మిన చేతుల్ని,
ఆ చేతుల్ని కన్న వంశాన్ని.
తిట్టుకో జానెడు చొప్పున
పైకొచ్చాడు మెరిల్.

ఆ తర్వాత లోయ వెడల్పయింది,
చెట్లొచ్చాయి, మోకాటిలోతు వాగొచ్చింది.
క్షమించమని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

కింద మాకోసం వదిలింది థేన్ ట్రక్కునే.
తడి తాడు వెనక పడేసి,
నలుగురం ముందుసీటులోనే ఇరుక్కున్నాం, అలవాటైపోయి.
ఎగువదారిలో రెండు నుంచి నాలుగుకి
థేన్ గేరు దూకించాడు.
ట్రక్కు ఒళ్ళంతా వణికింది.

కిటికీ పక్కన మెరిల్,
తనకి తెలియకుండానే,
ఎడమ పాదం నొక్కాడు.